సెటిల్‌మెంటుకు ఒప్పుకుంటే సిబిల్ స్కోరు బాగుపడుతుందా?

అప్పుల గురించి, అప్పులు ఎలా తీరుస్తున్నామో చూపే అంకె అయిన సిబిల్ స్కోరు గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు. మొదటి ఉత్తరంలోని చిక్కు చాలా ఇళ్లలో ఉన్నదే కనుక దానికి ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: నేను పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. చేతికి నెలకు 31,000 రూపాయలు వస్తాయి. రెండేళ్ల కిందట చెల్లి పెళ్లికి సారె సామాన్లు, బట్టలు, భోజనాల ఖర్చు కొంత రెండు క్రెడిట్ కార్డుల మీద పెట్టాను. తర్వాత ఫోను, ఫ్రిజ్ కూడా వాటి మీదే కొన్నాను. మొదటి కార్డు లిమిట్ 1,20,000, బాకీ 1,12,000. నెలనెలా మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన సొమ్ము) 5,600 కడుతూనే ఉన్నాను కానీ బాకీ తరగడం లేదు. రెండో కార్డుకు ఏడు నెలలుగా ఏమీ కట్టలేదు. 52,000 వాడితే ఇప్పుడు 76,000 అంటున్నారు. ఒక లోన్ యాప్‌లో 22,000 ఉంది, రెండు వాయిదాలు తప్పాయి. సిబిల్ స్కోరు 571. ఎచ్చెర్ల దగ్గర నాన్నగారి స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి 12 లక్షల లోను కోసం శ్రీకాకుళంలో నాలుగు బ్యాంకులు తిరిగితే అందరూ కాదన్నారు. రెండో కార్డుకు 40,000 కడితే సెటిల్ చేసి, స్కోరు కూడా బాగు చేయిస్తానని రికవరీ ఏజెంటు అంటున్నాడు. లేదంటే కంపెనీకి వచ్చి సూపర్‌వైజరుకు చెబుతాడట. అమ్మ తన నాలుగు తులాల బంగారం తాకట్టు పెట్టమంటోంది. నెలకు 12,000 వరకు అప్పులకు తీయగలను. ఏం చేయమంటారు?

— రణస్థలం పాఠకుడు

జవాబు: ముందు ఏజెంటు మాట సంగతి చూద్దాం. మీరు 40,000 కట్టి ఊరుకుంటే ఫోన్లు ఆగవచ్చు గానీ స్కోరు బాగుపడదు. మీ సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా ఎదుట ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అని కాక ‘సెటిల్డ్’ (తక్కువకు రాజీ కుదిరింది) అని పడుతుంది, బ్యాంకు వదులుకున్న 36,000 కూడా అక్కడ కనిపిస్తుంది. రేపు ఇంటి లోను కోసం వెళ్లినప్పుడు ఆ మేనేజరు మొదట చూసేది అదే. దానికి తోడు, 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రాజీ కింద బాకీ తగ్గించుకున్నవారికి ఆ సంస్థ మళ్లీ అప్పు ఇవ్వాలంటే, వ్యవసాయ రుణాలు మినహా, కనీసం 12 నెలలు ఆగాలి. స్కోరును పెంచడం ఏజెంటు చేతిలో గానీ, అతన్ని పంపిన బ్యాంకు చేతిలో గానీ లేదు. బ్యాంకు జరిగింది జరిగినట్లు క్రెడిట్ సమాచార సంస్థలకు పంపుతుంది, ఆ సంస్థలు దాని మీద 300 నుంచి 900 వరకు ఒక అంకె కడతాయి.

ఆ 36,000 మిగులుతుందన్న ఆశ సహజమే. కానీ మీకు కావలసింది ఇల్లు కనుక ఆ లెక్కతోనే దీన్ని తూచాలి. చాలా బ్యాంకులు ఇప్పుడు ఇంటి లోను వడ్డీని స్కోరును బట్టి నిర్ణయిస్తున్నాయి. 12 లక్షలను 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీకి తీసుకుంటే వాయిదా సుమారు 10,414 రూపాయలు, అదే 9.25 శాతమైతే సుమారు 10,990 రూపాయలు. నెలకు సుమారు 576 రూపాయల తేడా 240 నెలలకు 1,38,000 దాటుతుంది. ఈ రోజు మిగిలిందనుకున్న 36,000 అప్పుడు ఏ మూలకు? అందుకే, ఉద్యోగం ఉండి, తాకట్టుకు బంగారం ఉండి, నెలకు 12,000 తీయగల మీవంటివారు సెటిల్‌మెంటు జోలికి పోకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం. ఉపాధి పోయినవారికి, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చి ఏ ఆధారమూ లేనివారికి అది చివరి దారి కావచ్చు. మీ పరిస్థితి అది కాదు.

ఇక మొదటి కార్డు. క్రమం తప్పకుండా కడుతున్నా బాకీ ఎందుకు తరగడం లేదో ఒక నెల స్టేట్‌మెంట్ తీసి చూస్తే తెలుస్తుంది. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతమనుకుంటే 1,12,000 మీద నెల వడ్డీ 3,920 రూపాయలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 705 రూపాయలు. మీరు కట్టే 5,600లో 4,625 ఈ రెండింటికే సరిపోతే అసలులో తగ్గేది వెయ్యి రూపాయలు కూడా కాదు. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారంటేనే అయ్యో అంటారు, అలాంటిది ఇది మూడున్నర రూపాయల వడ్డీ. పైగా పాత బాకీ పూర్తిగా తీర్చకుండా ఆ కార్డునే గీకుతూ ఉంటే కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. మినిమమ్ డ్యూ కడితే ఖాతా గడువు తప్పినట్లు నమోదు కాదు, అంతవరకు మేలే. కానీ లిమిట్‌లో 93 శాతం వాడుకున్న కార్డు రిపోర్టులో నెలల తరబడి కనిపించడం కూడా స్కోరును కిందికి లాగుతుంది. వాడకం లిమిట్‌లో 30 శాతం లోపు ఉండటం మంచిదని సాధారణంగా చెబుతారు. మీ కార్డుకు ఆ లెక్క 36,000.

రెండో కార్డు సంగతి వేరు. గడువు తేదీ నుంచి 90 రోజుల్లోగా మినిమమ్ డ్యూ కూడా కట్టకపోతే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీగా లెక్కిస్తుంది. ఆ తర్వాత అడపాదడపా వెయ్యి, రెండు వేలు కట్టినా అది మామూలు ఖాతా కాదు; పేరుకున్న బకాయి మొత్తం తీరాలి. మీ రిపోర్టు తెరిస్తే ఒక్కో ఖాతా కింద గత 36 నెలల గడులు, ఒక్కో గడిలో ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకె కనిపిస్తాయి. ఈ ఏడు నెలల్లో ఆ అంకెలు 30, 60, 90 అంటూ పెరుగుతూ పోయి ఉంటాయి. స్కోరును 571కి దించినది ముఖ్యంగా ఈ వరుసే. యాప్ అప్పు ఇంకా 90 రోజులు దాటలేదు కనుక ఆ తప్పిన రెండు వాయిదాలను ఈ నెల జీతంలోంచే కట్టేయండి. అందరికన్నా ముందు అందవలసింది దానికే.

అమ్మగారి బంగారం విషయంలో మీరు మొహమాటపడుతున్నారని ఉత్తరం చదివితే అర్థమవుతోంది. అది సరైన మొహమాటమే. అయినా ఒక షరతు మీద మీరు ఆ దారి పట్టాలనే మా సలహా. ఆ షరతు ఏమిటంటే, తాకట్టుకు వెళ్లే ముందే రెండు కార్డులనూ ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లన్నింటిలోంచి తీసేసి, బ్యాంకు యాప్‌లో వాటి లావాదేవీలు ఆపించాలి. కార్డు బాకీ తీర్చడానికి బంగారం పెట్టి, ఆరు నెలలకు కార్డు మళ్లీ నిండితే, కార్డు బాకీకి తాకట్టు బాకీ తోడవుతుంది. ఆ గట్టి నిర్ణయం ఉంటే మాత్రం లెక్క స్పష్టంగా మీ వైపే ఉంది. ఏడాదికి 10 శాతం వడ్డీకి బ్యాంకులో బంగారు రుణం దొరికితే, మీ మూడు బాకీలూ కలిపి 2,10,000 తీసుకున్నా నెలకు 12,000 చొప్పున సుమారు 19 నెలల్లో తీరిపోతుంది. బంగారు రుణానికి స్కోరును అంతగా పట్టించుకోరు. ఏడాది చివర అసలు, వడ్డీ కలిపి ఒక్కసారే కట్టే రకం కాకుండా నెలవారీ వాయిదాల రకం అడగండి. నెలనెలా సకాలంలో కట్టిన నమోదు మీ రిపోర్టులోకి ఎక్కుతుంది, వేలం నోటీసు వచ్చేవరకు మరిచిపోయే ప్రమాదమూ ఉండదు.

డబ్బు చేతికి రాగానే మొదటి కార్డు బాకీ, యాప్ అప్పు పూర్తిగా తీర్చేయండి. రెండో కార్డుకు మాత్రం కట్టే ముందు బ్యాంకుతో మాట్లాడాలి, ఏజెంటుతో కాదు. వాడుకున్న 52,000 పోగా మిగిలిన 24,000 వడ్డీ, ఆలస్య రుసుములు, వాటి మీద జీఎస్టీ. మొత్తం ఒకేసారి కట్టడానికి సిద్ధంగా ఉన్నాననీ, రుసుముల్లో కొంత మాఫీ చేసి ఖాతాను ‘సెటిల్డ్’ అని కాక ‘క్లోజ్డ్’ అని నమోదు చేయాలనీ ఈమెయిల్‌లో అడగండి. వారు ఒప్పుకుంటే ఆ మాట ఉత్తరంగా చేతికి వచ్చాకే కట్టండి. ఒప్పుకోకపోతే 76,000 పూర్తిగా కట్టేయండి. మనసుకు కష్టమే అయినా పైన చెప్పిన ఇంటి లోను లెక్క ముందు అది చిన్నది. ఏ సొమ్మయినా కార్డు ఖాతాకే చేరాలి గానీ ఏజెంటు ఫోన్ నంబరుకు పంపకూడదు. కట్టిన వారంలోనే ఇక బాకీ లేదన్న నో డ్యూస్ ఉత్తరం తీసుకుని, ఆ కార్డు మూసివేయమని కోరండి. బాకీ లేని కార్డును మూయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసివేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు వినియోగదారుడికి చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు నిబంధన.

మొదటి కార్డును మూయవద్దు. పాత కార్డు సక్రమంగా నడవడం స్కోరుకు బలం. బాకీ తీరాక దాని లావాదేవీలు మళ్లీ తెరిపించి, నెలకు ఒక్క ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు మాత్రమే దాని మీద కట్టి, స్టేట్‌మెంట్ మొత్తం జీతం ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా పోయేలా పెట్టండి. మినిమమ్ డ్యూ అని కాక ‘మొత్తం బాకీ’ అనే గడిని ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. అయితే చేతిలో కార్డు ఉంటే ఆగలేనని మీకు మీరు అనుకుంటే, స్కోరు సంగతి పక్కనపెట్టి దాన్ని కూడా మూసేయండి. అప్పుడు నెలవారీ కట్టే బంగారు రుణమే మీ చరిత్రను నిలబెడుతుంది, కాకపోతే కొంత ఆలస్యంగా.

బంగారు రుణం తీసుకున్నాక ఏడాదిన్నర పాటు వేరే కొత్త అప్పుకు ఎక్కడా దరఖాస్తు చేయవద్దు. నాలుగు బ్యాంకులు మీ రిపోర్టు తీసిన సంగతి ఇప్పటికే అందులో నమోదై ఉంటుంది, తక్కువ కాలంలో అలాంటివి ఎక్కువైతే డబ్బుకు ఇబ్బందిగా ఉన్నారని బ్యాంకులు అనుకుంటాయి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం నెలకు రెండుసార్లు సమాచారం పంపాలి కనుక మొదటి కార్డు బాకీ తీరిన ప్రభావం నెలా రెండు నెలల్లోనే కనబడవచ్చు. ఏడు నెలల ఎగవేత మచ్చ అలా పోదు. దాని మీద కొత్త నెలలు పేరుకుంటూ పోవాలి. ఎంత స్కోరు ఎప్పటికి వస్తుందో అంకె చెప్పడం నిజాయితీ కాదు. ఎలాగూ మీరు తీయగలిగినది నెలకు 12,000 అయినప్పుడు, బంగారు రుణం తీరేవరకు ఇంటి లోను వాయిదా 10,414 మీ జీతంలో ఇమడదు. అందువల్ల ఈ 19 నెలల నిరీక్షణ స్కోరు కోసమే కాదు, మీ ఇంటి బడ్జెట్ కోసం కూడా.

ఏజెంటు బెదిరింపుకు భయపడవద్దు. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదనీ, బంధువుల ముందు, స్నేహితుల ముందు పరువు తీయకూడదనీ రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే స్పష్టం చేసింది. ఏజెంటు చేసిన పనికి బాధ్యత బ్యాంకుదే. కంపెనీకి వస్తానన్న ఫోన్ల తేదీలు, వేళలు రాసుకుని బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి పంపండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు; 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు.

ప్రశ్న: నేను బొబ్బిలిలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. కొత్త మిషన్ల కోసం ముద్ర లోను 1,50,000 అడిగితే, నా పేరున ఒక ఫైనాన్స్ కంపెనీలో స్కూటీ లోను ఇంకా నడుస్తోందనీ, 4,300 బకాయి ఉందనీ బ్యాంకువారు అన్నారు. ఆ లోను మూడేళ్ల కిందటే తీర్చేశాను. ఎన్‌ఓసీ (బాకీ లేదన్న నిరభ్యంతర పత్రం) ఉంది, ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా తీయించాను. కట్టని అప్పుకు నేనెందుకు దోషినవ్వాలి?

— బొబ్బిలి పాఠకురాలు

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే, చేతిలో ఎన్‌ఓసీ ఉండటం వల్ల మీ పని సులువు కూడా. 4,300 అన్నది ఎప్పుడో బౌన్స్ అయిన వాయిదాకు వేసిన రుసుము కావచ్చు, లేదా లోను ముగిసిందన్న సమాచారం ఫైనాన్స్ కంపెనీ పంపకపోయి ఉండవచ్చు. ఏదైనా సరే, తీర్చమని అడిగితే తొందరపడి కట్టకండి. ఎన్‌ఓసీ ఇచ్చిన తర్వాత అది ఏ పద్దు కింద వచ్చిందో రాతపూర్వకంగా చెప్పమనండి.

దేశంలో అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ప్రతి సంస్థా ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీసి చూడండి, ఎందుకంటే ఒకచోట సరిచేసిన తప్పు మరోచోట అలాగే ఉండిపోవచ్చు. తప్పు కనబడిన ప్రతి సంస్థ వెబ్‌సైట్‌లోనూ ఆ ఖాతా మీద అభ్యంతరం నమోదు చేయండి. దానికి రుసుము లేదు. అదే రోజు ఫైనాన్స్ కంపెనీకి కూడా ఎన్‌ఓసీ నకలు, చివరి వాయిదా రసీదు జతచేసి ఈమెయిల్ పంపండి. నోటిమాటగా బ్రాంచిలో చెప్పి వస్తే దానికి తేదీ ఉండదు. ఇక్కడ తేదీయే మీ బలం. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు ఫిర్యాదుదారుకు పరిహారంగా ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ పరిహారాన్ని అడగడానికి సంకోచించవద్దు. తిరస్కరించినా, మౌనంగా ఉన్నా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. సమాచార సంస్థలు కూడా 2022 సెప్టెంబరు నుంచి ఆ పరిధిలోనే ఉన్నాయి.

ఈలోగా మిషన్ల పని ఆగకుండా, ఎన్‌ఓసీ, ఆర్‌సీ నకళ్లు, అభ్యంతరం నమోదైన నంబరు తీసుకుని ముద్ర లోను అడిగిన బ్యాంకు మేనేజరును మళ్లీ కలవండి. దరఖాస్తును తిరస్కరించకుండా పెండింగ్‌లో ఉంచమని కోరితే, రిపోర్టు సరయ్యాక కొత్తగా దరఖాస్తు చేయాల్సిన పని తప్పుతుంది.

ప్రశ్న: విజయనగరంలో ఒకాయన 12,000 రూపాయలు, ఆధార్, పాన్, ఫోన్‌కు వచ్చే ఓటీపీలు ఇస్తే 45 రోజుల్లో స్కోరు 750 చేయిస్తానంటున్నాడు. మా మావయ్య కొడుక్కి చేయించాడట. నమ్మవచ్చా?

— నెల్లిమర్ల పాఠకుడు

జవాబు: నమ్మవద్దు. నిజంగా ఎగ్గొట్టిన బాకీ నమోదును తీసేసే అధికారం ఏ మధ్యవర్తికీ లేదు. ఇలాంటివారు చేసేది మీ పేరున అన్ని ఖాతాల మీదా అభ్యంతరాలు పెట్టడం. బ్యాంకు విచారించి సమాచారం సరైనదేనని చెప్పగానే రిపోర్టు యథాస్థితికి వస్తుంది, మీ 12,000 రాదు. తప్పుడు నమోదు ఉంటే దాన్ని మీరే పైసా ఖర్చు లేకుండా సరిచేయించుకోవచ్చని పై జవాబులో చెప్పాం. అంతకన్నా పెద్ద ప్రమాదం ఓటీపీలు. ఆధార్, పాన్, ఓటీపీ మూడూ ఒకరి చేతిలో ఉంటే మీ పేరున కొత్త అప్పు తీయడానికి కూడా అవి సరిపోవచ్చు. ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే బ్యాంకు యాప్ పాస్‌వర్డులు మార్చి, మీ రిపోర్టులో కొత్త ఎంక్వైరీలు (అప్పు కోసం ఎవరైనా మీ రిపోర్టు తీసిన నమోదులు), మీకు తెలియని ఖాతాలు ఏమైనా చేరాయేమో చూసుకోండి. డబ్బు పోయినట్లు కనబడితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను డిగ్రీ పూర్తిచేసి ఆమదాలవలసలో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. చదువుకునే రోజుల్లో ‘ఇప్పుడు కొని తర్వాత చెల్లించండి’ అనే యాప్‌లో 3,000 రూపాయలకు బట్టలు కొని కట్టలేదు. నంబరు మార్చేశాను. ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది. దీనివల్ల ఉద్యోగం పోతుందా?

— ఆమదాలవలస పాఠకుడు

జవాబు: బ్యాంకు ఉద్యోగాల ప్రకటనల్లో అభ్యర్థి రుణ చరిత్ర సక్రమంగా ఉండాలన్న షరతు కొన్నేళ్లుగా ఉంటోంది, బకాయి ఉన్నవారు ఉద్యోగంలో చేరేలోగా దాన్ని తీర్చి రిపోర్టు సరిచేయించుకోవాలి, లేదా అప్పిచ్చిన సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. మీరు రాసే పరీక్ష ప్రకటనలో ఆ భాగాన్ని తప్పక చదవండి. అసలు అప్పే తీసుకోనివారికి, అంటే రిపోర్టులో ఏ ఖాతా లేనివారికి, ఈ ఇబ్బంది లేదు. మీకు ఉంది, కానీ ఇది ఇప్పుడే తీర్చుకోగలిగినది.

నంబరు మారినా అప్పు పాన్ మీదే ఉంటుంది. రిపోర్టు తీస్తే ఆ యాప్ వెనుక అప్పిచ్చిన బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ పేరు, ఈనాటి బకాయి తెలుస్తాయి. ఆ సంస్థకే నేరుగా రాసి, కొత్త నంబరు ఇచ్చి, రుసుములతో సహా మొత్తం అడగండి. అది 3,000 కాక 6,000 అయినా సెటిల్‌మెంటు కోరకుండా పూర్తిగా కట్టి ‘క్లోజ్డ్’ అని ఉన్న ఉత్తరం తీసుకోండి. ఇంట్లో చెప్పడానికి భయపడుతున్నట్లు రాశారు. నాన్నగారికి చెప్పి ఈ నెలలోనే తీర్చేయడం, ఫలితాలు వచ్చాక నియామక పత్రం చేతిలో పెట్టుకుని చెప్పడం కన్నా ఎంతో తేలిక. కట్టిన నెల తర్వాత రిపోర్టు మళ్లీ తీసి, ఖాతా మూసినట్లు చూపకపోతే బొబ్బిలి పాఠకురాలికి చెప్పిన విధంగానే అభ్యంతరం నమోదు చేయండి.